ముఖచిత్రాల విషయంలో నేను చేసిన తప్పు, ఇకపై మన దుకాణంలో పాటించే పద్ధతి

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులోని మన పాత పుస్తకాల దుకాణానికి వచ్చే పాఠకులకూ, కావలి, ఆత్మకూరు వంటి ఊళ్ల నుంచి వాట్సాప్‌లో అడిగి పుస్తకాలు తెప్పించుకునే వారికీ నమస్కారం. వేసవి సెలవుల్లో పిల్లల సాహస కథల జాబితా పంపినప్పుడు నా వల్ల ఒక తప్పు జరిగింది. దాన్ని ఒప్పుకోవడానికీ, సరిదిద్దుకునే తీరు చెప్పడానికీ ఇది రాస్తున్నాను.

ఆ జాబితాలో స్టీవెన్సన్ రాసిన 'ట్రెజర్ ఐలాండ్' పక్కన నేను పెట్టిన బొమ్మ నా దగ్గరున్న ప్రతిది కాదు. 1911లో అమెరికాలో స్క్రిబ్నర్స్ సంస్థ వేసిన ముద్రణకు ఎన్. సి. వైత్ గీసిన వర్ణచిత్రాల్లో ఒకటి ఇంటర్నెట్‌లో కనిపిస్తే, అందంగా ఉందని తీసి పెట్టాను. కావలిలో ఉండే ఒక తండ్రి, చిన్నప్పుడు తాతగారింట్లో చూసిన బొమ్మ అదేనని గుర్తుపట్టి, కూతురి పుట్టినరోజుకని డబ్బు పంపి ఆర్టీసీ కార్గోలో పుస్తకం తెప్పించుకున్నారు. విప్పి చూస్తే మెరిసే అట్ట మీద కంటికి నల్లపట్టీ, మోకాలి కింద కొయ్యకాలు ఉన్న సముద్రపు దొంగ బొమ్మ ఉంది. లోపల ఉన్నది కుదించిన కథ. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కథలోని కుర్రవాడు జిమ్ యాపిల్ పీపాలో కూర్చుని దొంగల కుట్ర వినే ఘట్టం ఎంత బాగుంటుందో పాపకు ముందే చెప్పి పెట్టానని, తీరా చూస్తే అది రెండు వాక్యాల్లో అయిపోయిందని మాత్రం చెప్పారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

ఆ రాత్రి దుకాణం మూసే ముందు ఆ పుస్తకం ప్రతులన్నీ బల్ల మీద పరిచి, అట్టలను కథతో పోల్చి చూశాను. ఓడలో వంటవాడిగా చేరే దొంగల నాయకుడు లాంగ్ జాన్ సిల్వర్‌కు మూలంలో కొయ్యకాలు లేదు. అతని ఎడమ కాలు తుంటి దగ్గరికి తెగిపోయి ఉంటుంది. ఎడమ చంక కింద ఊతకర్ర పెట్టుకుని పిట్టలాగా గెంతుతూ నడుస్తాడు. కంటికి పట్టీ కూడా లేదు. ముఖం పెద్దది, పాలిపోయినది, కానీ తెలివీ చిరునవ్వూ ఉన్నది అని రచయిత వర్ణించాడు. ఒంటికాలివాడు వస్తాడేమోనని అంతకుముందు హడలిపోయిన జిమ్, సిల్వర్‌ను చూసి ఇతను వాడు కాడని నమ్మేది ఆ నవ్వుముఖం వల్లనే. ఆ నమ్మకం పీపాలో కూర్చున్నప్పుడు బద్దలవుతుంది. అట్ట మీదే క్రూరంగా పళ్లు కొరికే మనిషిని వేస్తే, పాప ఆ దెబ్బను జిమ్‌తో పాటు తినే అవకాశం మొదటి పేజీ తెరవకముందే పోతుంది. వైత్ బొమ్మల్లో ఓడ వంటగదిలో సిల్వర్, జిమ్ ఇద్దరూ స్నేహంగా కనిపిస్తారు. కథ చదివి వేసిన బొమ్మకూ, దొంగ అంటే ఇలాగే ఉండాలని వేసిన బొమ్మకూ ఉన్న తేడా ఇదేనని నేను అనుకుంటున్నాను. 1883లో కాసెల్ సంస్థ వేసిన మొదటి ముద్రణకైతే అట్ట మీద బొమ్మే లేదు. లోపల ద్వీపం పటం మాత్రం ఉంది. స్టీవెన్సన్ మొదట గీసిన పటం ప్రచురణకర్తలకు పంపినప్పుడు పోతే, దాన్ని మళ్లీ గీయవలసి వచ్చింది.

ఎనిడ్ బ్లైటన్ రాసిన పిల్లల సాహస కథల వరుస 'ఫేమస్ ఫైవ్' విషయంలో ముద్రణ తేడా ఇంకోలా ఉంటుంది. 1942లో మొదలైన ఆ 21 పుస్తకాలకు ఐలీన్ సోపర్ బొమ్మలు వేశారు. 2012లో మొదటి పుస్తకం ప్రత్యేక ముద్రణకు క్వెంటిన్ బ్లేక్ కొత్త అట్ట వేశారు. అట్టలే కాదు, 2010లో ప్రచురణకర్తలు లోపలి భాషను కూడా ఈ కాలానికి తగినట్టు మార్చి, 2016లో తిరిగి పాత పాఠానికే వెళ్తామని ప్రకటించారు. కాబట్టి ఏ ముద్రణ అని అడిగే పాఠకుడిది చాదస్తం కాదు.

ఇకపై జాబితాలో పెట్టే ప్రతి ఫోటో మీకు చేరబోయే ప్రతినే చూపిస్తుంది. అట్టతో పాటు అచ్చు వివరాలున్న పేజీ ఫోటో కూడా పంపుతాను. పూర్తి కథా, సంక్షిప్తమా అన్నది ధర కంటే ముందు రాస్తాను. అట్ట చిరిగినా, అక్టోబరు, నవంబరు వానలకు చెమ్మ తగిలి కాగితం మీద మచ్చలు పడినా దాచను. ఈ వేసవిలో ఆ జాబితా చూసి కొన్నవారు ఎవరైనా పుస్తకం తిరిగి ఇస్తే, రవాణా ఖర్చుతో సహా డబ్బు వాపసు చేస్తాను. కావలి పాపకు పూర్తి కథ ఉన్న ప్రతి పంపాను. దాని అట్ట సాదాగానే ఉంది, ఆ సంగతి ముందే చెప్పాను.

చివరగా ఒక అభ్యర్థన. నండూరి రామమోహనరావు గారు ఇదే కథకు చేసిన తెలుగు అనువాదం 'కాంచన ద్వీపం' ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. ఏదో అద్దె పుస్తకాల షాపులో అసలు అట్ట తీసేసి, గట్టి అట్ట వేసి, వీపున గుడ్డ అంటించి బైండు చేయించిన ప్రతి అది. అసలు అట్టతో ఉన్న పాత ప్రతి మీ ఇంట్లో ఉంటే, దయచేసి ముఖచిత్రం ఫోటో ఒకటి తీసి పంపండి. పుస్తకం అమ్మమని అడగను. ఆ ఫోటోను అచ్చు వేయించి, ఈ అట్టలేని ప్రతి లోపల పెడతాను.