విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

2017 జనవరిలో కూనేరు (ఇప్పుడది పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది), 2023 అక్టోబరు 29న కంటకాపల్లి. రెండు రైలు ప్రమాదాలకూ పరిహారం ప్రకటించారు. దానికి వంక పెట్టను. నా బాధ ఆ తరువాతి నెలల గురించి.

శవపరీక్ష నివేదిక ఒకచోట, మరణ ధ్రువపత్రం ఇంకొకచోట, కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి తహసీల్దారు కార్యాలయం. భర్తను పోగొట్టుకున్న మనిషి పెద్దకర్మ కూడా కాకముందే జిరాక్సు కాగితాల సంచీతో తిరగాలా? రైలు ప్రమాదాల పరిహారం తేల్చే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలని ఆమెకు ఎవరు చెబుతారు? అధికారి కంటే ముందు దళారి గుమ్మంలో నిలబడతాడు, అదీ మన తీరు.

నేను కోరేది ఒక్కటే. పెద్ద ప్రమాదం జరిగినప్పుడు, ఆప్తులను కోల్పోయిన ప్రతి ఇంటికీ ఒక అధికారిని పేరు, ఫోను నంబరుతో సహా ఏడాదిపాటు కేటాయించండి. కాగితాలు ఆయనే సేకరించి ఇంటికి తేవాలి. మృతుల ఫోను, ఉంగరం, సంచీ ఎక్కడున్నాయో, ఎప్పుడిస్తారో ఆయనే చెప్పాలి. పింఛను, పిల్లల చదువు, మనసు కుంగినవారికి వైద్యం కూడా ఆయన చూడాలి. బదిలీ అయితే, కొత్తగా వచ్చినవారిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి పరిచయం చేయాలి.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. మీ సంతకంతో ఒక ఉత్తర్వు చాలు.

ఇట్లు,
విజయనగరం వాసి