నేవీ బాబాయి గారి కోసం డిసెంబరు 4న హోటలు ఆలస్యంగా తెరుస్తాం

విశాఖ మల్కాపురంలో మా టిఫిన్ హోటలుకు వచ్చే అందరికీ నమస్కారం. డిసెంబరు 4న ఉదయం పది గంటల వరకు హోటలు తెరవడం లేదు. పొద్దున్నే డాక్‌యార్డుకు డ్యూటీకి వెళ్లేవారు ఆ ఒక్క పూటకు వేరే ఏర్పాటు చేసుకోవాలని మనవి.

గల్లాపెట్టె పక్క బల్ల దగ్గర కూర్చునే మన నేవీ బాబాయి గారు పోయిన నెలలో కాలం చేశారు. కొత్తగా వస్తున్నవారికి ఆయన పేపరు చదువుకునే పెద్దాయనగానే తెలుసు. 1971 యుద్ధం నాటికి ఆయన ఇరవై ఏళ్ల నావికుడు. పింఛనుతో బయటికి వచ్చాక ఇక్కడే స్థిరపడ్డారు. 2007లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఎన్నికల్లో గెలిచి ఐదేళ్లు కార్పొరేటరుగా ఉన్నారు.

యుద్ధం సంగతి అడిగితే తప్ప చెప్పేవారు కాదు. ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన తీరం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగింది. అందులోని తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. ఆ పేలుడు విన్నవారిలో ఆయన ఒకరు. ఏటా డిసెంబరు 4న, నేవీ దినోత్సవం నాడు, సాయంత్రం విన్యాసాలు చూడటానికి ఊరంతా ఆర్.కె. బీచ్‌కు వెళ్లేది. ఆయన తెల్లవారుజామునే వెళ్లేవారు. యుద్ధ స్మారకం దగ్గర సెల్యూట్ చేసి, తర్వాత చెప్పులు వదిలి ఇసుకలోకి దిగి, సముద్రం వైపు తిరిగి చేతులు జోడించేవారు. ఆ దండం ఎవరికని ఒకసారి అడిగాను. "అడుగున ఉన్నవాళ్లకమ్మా. వాళ్ల అమ్మలూ ఎదురుచూసే ఉంటారు కదా" అన్నారు.

కార్పొరేటరయ్యాక మొదటి వారంలోనే మా హోటలులో ఒక పద్ధతి మార్పించారు. మస్టరు వేయించుకుని వచ్చే పారిశుద్ధ్య కార్మికులు అప్పటి వరకు బయట నిలబడే టీ తాగేవారు. నేనూ ఎప్పుడూ లోపలికి రమ్మనలేదు. ఆయన వాళ్లను పిలిచి తన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నారు. నాతో ఒక్క మాటా అనలేదు. మర్నాటి నుంచి నేనే పిలిచాను.

ఇంకొకటి చెప్పాలి. ఇన్నేళ్లుగా నన్ను తొలుస్తున్న సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మర్నాడు కరెంటు లేదు, పాలు లేవు, ఎక్కడ చూసినా కూలిన చెట్లే. ఉన్న రవ్వతో ఉప్మా చేసి, ఇరవై రూపాయల ప్లేటు నలభైకి అమ్మాను. బాబాయి గారు క్యారియరు పట్టుకుని వరుసలో నిలబడి, నలభై ఇచ్చి పట్టుకెళ్లారు. మధ్యాహ్నం రిక్షా మీద బియ్యం బస్తా, కందిపప్పు వేయించుకుని వచ్చారు. అప్పటికి ఆయన కార్పొరేటరు కూడా కాదు. పాలకవర్గం గడువు 2012లోనే ముగిసింది, మళ్లీ ఎన్నికలు 2021లో గానీ జరగలేదు. "రేపు వీధికంతా కిచిడీ వండమ్మా. నీ కూలి నేనిస్తాను" అన్నారు. ధర ఊసే ఎత్తలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి, కూలిన కొమ్మలు నరికి పొయ్యి పెట్టాం. పచ్చి కట్టెల పొగకు కళ్లు మండి నీళ్లు కారుతుంటే, ఆయన నా పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరారు. నేను కూలి తీసుకోలేదు. ముందు రోజు ఎక్కువ తీసుకున్న డబ్బు గుర్తున్నవారికి తిరిగి ఇచ్చాను. గుర్తులేనివారు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి వచ్చి అడగండి.

గల్లా పైన గోడకు ఉన్న అట్టముక్క మీద "తుఫాను రోజుల్లో ధర మారదు" అన్న అక్షరాలు ఆయనవే. నేనే అడిగి రాయించుకున్నాను. మినపప్పు, గ్యాసు ఖర్చుల వల్ల జనవరి 1 నుంచి ప్రతి టిఫిన్‌కు ఐదు రూపాయలు పెంచక తప్పడం లేదు. ఆ అట్ట మాత్రం అక్కడే ఉంటుంది.

ఆయన కూర్చున్న చోటు ఖాళీగా ఉంచడం లేదు. ఎవరైనా నిలబడి తింటుంటే ఆయనే లేచి చోటిచ్చేవారు.

4న తెల్లవారుజామున ఐదింటికి మేము హోటలు దగ్గర బయల్దేరి బీచ్‌కు వెళ్తున్నాం. రాదలచినవారు రండి. తిరిగి వచ్చాక అందరికీ కాఫీ ఉంటుంది.