క్యాంటర్ అంటే దౌడు కాదు, సవరణ వేయండి

సంపాదకుడు గారికి,

గుర్రాలకు సంబంధించిన ఇంగ్లిష్ క్రియల మీద గత వారం మీ చదువుల పేజీలో వచ్చిన వ్యాసం చూశాక, మర్నాడో ఆ మర్నాడో సవరణ పడుతుందని ఆగాను. పడలేదు. క్యాంటర్ అంటే ‘గుర్రం అతి వేగంగా దౌడు తీయడం’ అనీ, పాడటం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి ఆ మాట పుట్టిందనీ వేశారు. రెండూ తప్పే.

దౌడు తీయడం గ్యాలప్. క్యాంటర్ వేగం అంతకంటే తక్కువ, ట్రాట్ అనే నింపాది పరుగు కంటే ఎక్కువ. కుడి కాలు లీడ్‌గా, అంటే ముందు కాళ్లలో కుడిది ఎక్కువ ముందుకు చాస్తూ, గుర్రం క్యాంటర్‌లో పోతోందనుకోండి. మొదట వెనక ఎడమ కాలు నేలను తాకుతుంది. తర్వాత వెనక కుడి కాలు, ముందు ఎడమ కాలు ఒకేసారి పడతాయి. ఆఖరున ముందు కుడి కాలు. ఆ వెంటనే నాలుగు కాళ్లూ ఒక్క క్షణం గాలిలో ఉంటాయి. అంటే ఒక్కో అంగకు మూడు చప్పుళ్లు. గ్యాలప్‌లో ఆ జంట కాళ్లు విడివడి నాలుగు చప్పుళ్లవుతాయి. గుర్రాలతో పనిచేసేవాళ్లు చూడకుండానే, చెవితో విని తేడా చెప్పేస్తారు.

ఇక పుట్టుక. దాని వెనక ఉన్నది పాట కాదు, ఊరు. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతపు క్యాంటర్‌బరీ. 1170 డిసెంబరు 29న అక్కడి ఆర్చిబిషప్ (ప్రధాన మతాధికారి) థామస్ బెకెట్‌ను రెండో హెన్రీ రాజు కొలువులోని నలుగురు యోధులు కెథడ్రల్ అనే పెద్ద చర్చి లోపలే నరికి చంపారు. 1173లో పోపు ఆయన్ని సెయింట్‌గా ప్రకటించారు. ఆయన సమాధికి జనం యాత్రలు కట్టారు. లండన్ నుంచి 90 కిలోమీటర్ల పైమాటే. గుర్రానికీ మనిషికీ అలుపు రాకుండా సాగే ఆ యాత్రికుల గమనాన్ని బట్టే ‘క్యాంటర్‌బరీ గ్యాలప్’ అన్న పేరు. 1538లో ఎనిమిదో హెన్రీ ఆ సమాధి మందిరాన్ని ధ్వంసం చేయించాడు. యాత్రలు ఆగినా పేరు పోలేదు, 17వ శతాబ్దపు రాతల్లో కనిపిస్తుంది. 18వ శతాబ్దం మొదట్లోనే అది కురచబడి, క్యాంటర్ అనే క్రియ అయింది. ఆ ఊరి పేరుకు అర్థం కూడా ‘కెంట్ ప్రజల కోట’ అనే. చర్చిలో పాటలు పాడించే క్యాంటర్ వేరే మాట, దాని స్పెల్లింగ్ చివర ‘ఓ’, ‘ఆర్’ ఉంటాయి. మీ రచయిత ఆ రెంటినీ కలిపేసినట్టున్నారు.

ఇంత చిన్నదానికి లేఖా అని మీ డెస్కులో అనుకోవచ్చు. ‘విన్ ఎట్ ఎ క్యాంటర్’ అంటే ఆయాసం లేకుండా, సునాయాసంగా గెలవడం. మీ వ్యాసం చదివిన పిల్లలు ‘శక్తికొద్దీ పరుగెత్తి గెలవడం’ అని గుర్తుపెట్టుకుంటారు. ఒక్క మార్కుతో ఉద్యోగాలు పోతున్న రోజులివి. కోచింగ్ సెంటర్లు మీ పేజీని జెరాక్స్ తీసి మెటీరియల్‌లో పెట్టేస్తాయి. ఇక ఆ తప్పును ఎవరు ఆపగలరు?

గుర్రం నడకలు మనకు కొత్త కావు. అమరకోశం ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదు గతులకు విడివిడిగా పేర్లు చెప్పింది. మన ఛందస్సులో హయప్రచారం, తురగవల్గనం అని గుర్రం పేరున్న రగడలు (ఒక రకం పద్యాలు) ఉన్నాయి; ఆ రెండూ, క్యాంటర్ మూడు చప్పుళ్లలాగే, మూడేసి మాత్రల గణాలతోనే నడుస్తాయి. అలాంటి భాషలో రాస్తూ అన్నిటికీ దౌడు అని ఒకే మాట వేసెయ్యడం నాకు బాధగా ఉంది.

సరిచూసుకుందామన్నా పిల్లలకు చోటేది? మా ఊరి శాఖా గ్రంథాలయంలో పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు ఒక్కటే ఉంది. అట్ట ఊడింది, మొదటి పేజీలు చిరిగిపోయాయి. కొత్తది తెప్పించమని అర్జీ పెడితే నిధులు లేవన్నారు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మాత్రం ఏటా వసూలు చేస్తూనే ఉన్నారు. ఆ డబ్బు ఎక్కడ ఆగుతోందో మున్సిపాలిటీవాళ్లు చెప్పరు, గ్రంథాలయంవాళ్లు చెప్పలేరు. అలాంటి ఊళ్లలో పిల్లలకు మీ పేజీయే నిఘంటువు. ఒకప్పుడు పత్రికలో తప్పు దొర్లితే మర్నాడే సవరణ పడేది. ఇప్పుడు వెబ్‌సైట్‌లో చడీచప్పుడు లేకుండా మార్చేసి ఊరుకుంటున్నారు. అచ్చు కాగితం చదివినవాళ్ల మాటేమిటి?

సవరణను అదే పేజీలో, వ్యాసం వేసినంత పెద్ద అక్షరాల్లో, ఈ వారమే వేయండి. వచ్చే నెల పరీక్షలున్నాయి.

– ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు