యుద్ధం అయిపోయిన పదేళ్లకు మొదలయ్యే కథ

సంపాదకులకు నమస్కారం.

జపాన్ కార్టూన్ల వల్ల పిల్లలకు కత్తులూ రక్తమూ తప్ప ఇంకేమీ పట్టడం లేదని ఒక తల్లి మీకు రాసిన ఉత్తరాన్ని నా స్నేహితురాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. కింద ‘చూశావా’ అని ఒక్కటే మాట. మేమిద్దరం ఒకే బడిలో పంతొమ్మిదేళ్లు పాఠాలు చెప్పాం. ఆవిడ తెలుగు, నేను సోషల్. ఫోన్‌లో చెబితే వినదు గానీ పేపర్లో అచ్చయిన మాట రెండుసార్లు చదువుతుంది. అందుకే మీ ద్వారా జవాబు రాస్తున్నాను.

వదినా, నువ్వు ‘రురౌనీ కెన్షిన్’ అనే జపాన్ కార్టూన్ సిరీస్ చూడాలి.

మా మనవడు ఇంటర్ సెలవుల్లో పెట్టుకుంటే నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. మెయిజీ చక్రవర్తి పాలనలో పదకొండో ఏడు అని వినపడింది. అంటే 1878. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. బడిలో నేను 1868లో అప్పటిదాకా జపాన్‌ను ఏలిన తోకుగావాలు పోయారు, మెయిజీ వచ్చింది, రైళ్లు వచ్చాయి అని ఒక్క పీరియడ్‌లో ముగించేదాన్ని. ఆ మార్పు కోసం మనుషుల్ని చంపినవాళ్లు తర్వాత ఎలా బతికారన్నది పిల్లలు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ కథంతా అదే.

కెన్షిన్ క్యోటోలో కొత్త ప్రభుత్వం తేవాలన్న పక్షం తరఫున రహస్యంగా హత్యలు చేసినవాడు. 1868 జనవరిలో తోబా-ఫుషిమి యుద్ధం కాగానే కత్తి వదిలేసి పదేళ్లు ఊళ్లు పట్టి తిరుగుతాడు. అప్పటి నుంచి మోసే కత్తికి పదును వెనకవైపు ఉంటుంది, ఎదుటివాడిని కొట్టినా ప్రాణం పోకూడదని. అప్పటికి 1876 చట్టంతో జనం కత్తి ధరించడమే నేరమైంది. ఒక అమ్మాయి నడిపే కత్తిసాము తాలీంలో చేరి, బట్టలు ఉతుకుతూ ఉంటాడు.

మా పెదనాన్న సూర్యాపేట వైపు దళంలో ఉండేవాడని నీకు తెలుసు. 1951 అక్టోబరులో పోరాటం ఆపాక ఊరికొచ్చి నాగలి పట్టాడు. పండక్కి కోడిని కోయమంటే లేచి చేలోకి పోయేవాడు. ఎందుకని ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. ఆ బట్టలుతికే మనిషిని చూస్తుంటే, అడగాల్సింది అనిపించింది.

ఇంకొక పాత్ర సానోసుకే. చిన్నప్పుడు సెకిహోతాయ్ అనే దళంలో ఉన్నాడు. ఆ దళం కల్పితం కాదు. భూమి పన్ను సగానికి తగ్గిస్తామని ప్రభుత్వ సేన కంటే ముందు ఊరూరా చెప్పింది వాళ్లే. ఆ మాట నిలబెట్టుకోవడం కుదరని ప్రభుత్వం వాళ్లను దొంగ సేన అని ముద్ర వేసి, నాయకుడు సగారా సోజో తల నరికించింది. రైతుకు ఇచ్చిన మాట గద్దెనెక్కాక ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శత్రుపక్షంలో, అంటే తోకుగావాల తరఫున పోరాడిన సైతో హజిమే కూడా చరిత్రలో ఉన్నవాడే. కొత్త ప్రభుత్వంలో నిజంగానే పోలీసు ఉద్యోగం చేశాడు.

లోపాలూ ఉన్నాయి. పోట్లాటలు ఒక్కోచోట మరీ సాగుతాయి. 1996 నాటి టీవీ సిరీస్‌లో క్యోటో కథ దాటాక వచ్చేదంతా మూలమైన బొమ్మల కథ పుస్తకంలో లేని అతుకు, వదిలెయ్. 2023లో మళ్లీ తీసింది మొదలుపెట్టు. పుస్తకాలు ఇరవై ఎనిమిది భాగాలు, కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉర్దూ మీడియంలో చదివిన మా నాన్న ఉన్నట్టయితే ఆయనకు అలవాటైన తీరే.

ఉత్తరం రాసిన ఆ తల్లి భయం నాకు అర్థమవుతుంది. ఆరో తరగతి పిల్లాడికి నేనూ చూపించను. సంపాదకులకు నా విన్నపం ఇదే: ఏ సిరీస్ ఏ వయసుకు తగినదో, దాని వెనక ఉన్న చరిత్ర ఏమిటో తెలిసినవారితో ఆదివారం అనుబంధంలో రాయించండి. నిషేధించాలన్న ఉత్తరాలు పేజీ నిండా వస్తున్నాయి, చూసి రాసినవి కనపడటం లేదు.

వదినా, ఈ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలకు వస్తావుగా. మొదటి భాగం అక్కడే దొరికింది. నా సంచిలో పెట్టుకొస్తాను.

- రిటైర్డ్ సోషల్ టీచర్, నల్లకుంట, హైదరాబాద్