చలమయ్య కట్టిన తెల్ల గుడికి వెళ్దాం రా

ఒరేయ్ బాబ్జీ,

నువ్వు పంపిన ప్యాకేజీ కాగితం చూశాను. బ్యాంకాక్, పటాయా, పులులతో ఫోటోలు, రెండు మాల్స్, తిరుగు ప్రయాణం రోజు రత్నాల దుకాణం. పాస్‌పోర్టులు చేయించుకుని, చెల్లెమ్మని ఒప్పించి, అంత దూరం వెళ్లి చూసేది ఇదేనట్రా? నేను వేరే లెక్క వేశాను. తిట్టాలనిపిస్తే తిట్టు గానీ, మొత్తం చదివాక తిట్టు.

చియాంగ్ రాయ్ వెళ్దాం. థాయ్‌లాండ్ పటంలో బాగా పైకి చూడు, మయన్మార్, లావోస్ సరిహద్దులు వచ్చి కలిసే మూలన ఉంటుంది. 1262లో మంగ్రాయ్ అనే రాజు కట్టించిన ఊరు. ఊరు అంత పాతదైనా జనం ఇప్పుడు ఎగబడేది పాత కట్టడాల కోసం కాదు, మన కాలపు చిత్రకారులు కట్టిన వాటి కోసం. పోయినసారి ఆఫీసు బ్యాచ్‌తో చియాంగ్ మాయ్ వెళ్లినప్పుడు ఒక్క రోజులో అక్కడికి తిప్పి తీసుకొచ్చేశారు. రోజంతా వ్యాన్‌లోనే గడిచిపోయింది, గుడి దగ్గర ఉన్నది కాసేపే. ఇది బాబ్జీగాడు చూడాల్సిన చోటు అని అప్పుడే అనుకున్నాను.

ఎందుకంటే, అక్కడి తెల్ల గుడి కట్టినాయన మొదట్లో చేసిన పనేంటో తెలుసా? సినిమా బ్యానర్లు వేయడం! అవున్రా, నీ పనే. పేరు చాలెర్మ్‌చాయ్ కోసిత్‌పిపత్. నోరు తిరక్కపోతే మన చలమయ్య అనుకో, నేనూ అలాగే అనుకుంటున్నాను. 1955లో ఆ చియాంగ్ రాయ్‌లోనే పుట్టాడు. బ్యానర్లు వేసి, తర్వాత బ్యాంకాక్‌లో శిల్పకార్న్ యూనివర్సిటీలో చదివాడు. 1980ల్లో లండన్‌లోని థాయ్ గుడిలో గోడ బొమ్మలు వేస్తూ, పాత పద్ధతి బొమ్మల మధ్యలో ఇప్పటి మనుషుల్ని పెట్టేసరికి అదేం పని అని చాలామంది గొడవ చేశారట. ఆయనేం తగ్గలేదు. 1997లో సొంత ఊరికొచ్చి, పాడుబడుతున్న ఊరి గుడిని తన డబ్బుతో మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. అదే వాట్ రోంగ్ ఖున్.

చందాల విషయంలో ఆయన పద్ధతి నాకు భలే నచ్చింది. ఎవరైనా సరే పదివేల బాత్‌లకి మించి ఇవ్వడానికి లేదు. ఎక్కువ ఇచ్చినవాడు వచ్చి, ఈ గోపురం ఇలా పెట్టు, ఆ రంగు అలా మార్చు అంటాడని. మన దగ్గర గుళ్లో ట్యూబ్‌లైటు ఇచ్చినవాడు వెలుతురు కూడా బయటికి రాకుండా దాని మీద పేరు రాయించుకుంటాడు కదా!

ఇక గుడి సంగతి. నున్నటి తెల్లటి గారపని, దాని నిండా చిన్న చిన్న అద్దం ముక్కలు. తెలుపు బుద్ధుడి స్వచ్ఛతకి, అద్దాలు ఆయన జ్ఞానానికి గుర్తట. ఎండలో కళ్లు చిట్లించకుండా చూడలేం. లోపలికి వెళ్లడానికి ఒక వంతెన ఎక్కాలి. దాని మొదట్లో కింద గొయ్యిలోంచి వందల చేతులు పైకి చాచి ఉంటాయి. కోరికల్లో మునిగిపోయినవాళ్ల చేతులన్నమాట. కొన్ని భిక్షాపాత్రలు పట్టుకుని ఉంటాయి, కొన్ని వేళ్లు గాల్లో దేన్నో పట్టుకోబోతున్నట్టుంటాయి. అంతా తెల్లగా ఉన్న ఆ గుంపులో ఒక్క చేతికి మాత్రం గోరుకి ఎర్ర రంగు! నేను అక్కడే ఆగిపోయాను. మైకు పట్టుకున్న మనిషి కదలండి కదలండి అని అరుస్తున్నాడు, ఎందుకంటే ఆ వంతెన మీద వెనక్కి తిరగకూడదు. నరకం దాటి స్వర్గానికి వెళ్లే దారి కదా. వంతెన దాటాక రెండు పక్కలా కాపలాకి ఇద్దరు, ఒకరు మృత్యువు, ఇంకొకరు రాహువు. మన నవగ్రహాల రాహువే, అక్కడ ద్వారపాలకుడిగా ఉద్యోగం చేస్తున్నాడు.

లోపల ఎదురుగా బుద్ధుడు. వెనక్కి తిరిగి తలుపు ఉన్న గోడ చూస్తే గోడంతా ఒక రాక్షసుడి ముఖం, చుట్టూ మంటలు, ఆ మంటల్లో సూపర్‌మ్యాన్, మైకేల్ జాక్సన్, హలో కిట్టీ, న్యూయార్క్‌లో కూలిపోయిన జంట భవనాలు. మొదట నవ్వొస్తుంది. కాసేపు చూస్తే నవ్వు ఆగిపోతుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు, అందుకే నీకు చూపించడానికి నా ఫోన్లో ఏమీ లేదు. బయట కూడా ఆయన అల్లరి మానలేదు. దారిలో పెట్టే ట్రాఫిక్ కోన్ల మీద పుర్రెలు, చెట్లకి వేలాడే రాక్షసుల తలలు. బంగారు రంగులో మెరిసిపోయే ఒక భవనం ముందు జనం ఫోటోలు దిగుతుంటారు, తీరా చూస్తే అది మరుగుదొడ్డి. అసలు గుడి తెల్లగా ఉండి బంగారం అక్కడికి చేరిందంటే, చలమయ్య ఏం చెప్పాలనుకున్నాడో వేరే బోర్డు అక్కర్లేదు.

2014 మే 5న అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. గోడ బొమ్మలు పగిలాయి, గోపురం కొస విరిగింది. పడగొట్టేస్తానని ముందు బెంగగా ప్రకటించి, ఇంజినీర్లు వచ్చి చూసి కట్టడానికి ఢోకా లేదన్నాక మళ్లీ పనిలోకి దిగాడు. మొత్తం పూర్తయ్యేసరికి 2070 అవుతుందట. మనమూ ఉండం, ఆయనా ఉండడు. అందుకే శిష్యుల్ని తయారు చేస్తున్నాడు.

ఆ శిష్యుల్లో ఒకాయన, ఫుత్తా కాబ్‌కేవ్, కట్టిందే నీలం గుడి, వాట్ రోంగ్ సుయా టెన్. 2005లో మొదలై 2016కి తయారైంది. గోడలు, కప్పు, స్తంభాలు అన్నీ ముదురు నీలం, మీద బంగారు లతలు, మధ్యలో తెల్లటి పెద్ద బుద్ధుడు. గురువుగారి తెలుపుకి జవాబు చెప్పినట్టు ఉంటుందంటారు. బయట శంఖుపువ్వు రంగు వేసిన కొబ్బరిపాల ఐస్‌క్రీమ్ అమ్ముతారు. మీ పెరటి దడికి పాకి ఉంటుందే, ఆ పువ్వే. చెల్లెమ్మకి ముందే చెప్పకు, అక్కడ చూసి ఆశ్చర్యపోనీ.

మూడోది నల్ల ఇల్లు, బాన్ దామ్. ఇది గుడి కాదు. తవాన్ దచ్చనీ అనే ఇంకో పెద్ద చిత్రకారుడి స్థలం, ఇప్పుడు మ్యూజియం. ఆయనదీ చియాంగ్ రాయే, ఆయనా శిల్పకార్న్‌లోనే చదివాడు. 2014లోనే పోయాడు. భవనాలు దాదాపు నలభై, చాలావరకు నల్లటి టేకువే, వాటి నిండా గేదె కొమ్ములు, ఎముకలు, మొసలి తోళ్లు. గైడ్లు తెల్లది స్వర్గం, నల్లది నరకం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ లెక్క నాకు ఎక్కలేదు. చావుని దాచకుండా పక్కన పెట్టుకుని బతికిన మనిషిలా అనిపిస్తాడు ఫోటోల్లో. ఇది నేనూ చూడలేదు, ఇద్దరం కలిసి చూద్దాం. చెల్లెమ్మకి భయమనిపిస్తే బయట తోటలో కూర్చోవచ్చు.

తెల్ల గుడి ఊరికి నైరుతి వైపు పదమూడు కిలోమీటర్లు. నీలం గుడి, నల్ల ఇల్లు ఉత్తరం వైపు. అందుకని ఒక రోజు పొద్దున్నే తెల్లది, మర్నాడు మిగతా రెండూ. చియాంగ్ మాయ్ నుంచి వ్యాన్లు రావడానికి మూడు గంటలకు పైనే పడుతుంది కాబట్టి, తెరిచే వేళకే మనం అక్కడుంటే జనం తాకిడి ఉండదు. రెండు రాత్రులు ఊళ్లోనే ఉండాలి, ఈ విషయంలో బేరం లేదు. సాయంత్రం ఏడుకి, ఎనిమిదికి, తొమ్మిదికి నడిబజార్లో గడియార స్తంభం రంగులు మారుస్తూ పాట పాడుతుంది. అదీ చలమయ్య పనే. పక్కనే నైట్ బజార్. ఊళ్లోనే వాట్ ఫ్రా కేవ్ కూడా ఉంది. 1434లో అక్కడి స్తూపం మీద పిడుగు పడి లోపలి పచ్చల బుద్ధుడు బయటపడ్డాడట. ఆ విగ్రహమే ఇప్పుడు బ్యాంకాక్ రాజభవనం గుళ్లో ఉంది. మెడకి కడియాలు వేసుకున్న ఆడవాళ్ల ఊరికి తీసుకెళ్తామని ఎవరైనా అంటే మాత్రం నేను రాను. టికెట్ కొని మనుషుల్ని చూడ్డం ఏం ముచ్చట?

ఎప్పుడంటే, సంక్రాంతి అయ్యాక. కనుమ నాడు కాకి కూడా కదలదు, మనం కదిలామంటే అమ్మగారు నన్ను గుమ్మం తొక్కనివ్వరు. ముక్కనుమ దాటగానే బయల్దేరదాం. జనవరిలో పొద్దున్న బాగా చలి, స్వెట్టర్లు పెట్టుకోండి. ఫిబ్రవరి నెలాఖరుకి జరిపావంటే పొలాలు, అడవులు తగలబెట్టే కాలం, ఏప్రిల్ దాకా పొగే పొగ.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానముంది, అక్కణ్నుంచి చియాంగ్ రాయ్‌కి ఇంకోటి, గంటన్నర లోపే. బ్యాంకాక్‌లో విమానాశ్రయాలు రెండు, సువర్ణభూమి, డాన్ మువాంగ్. దిగేది ఒకదాంట్లో, ఎక్కేది ఇంకోదాంట్లో అయితే టెన్షన్. టికెట్లు నేనే చూస్తాను. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి అవి చూశాకే డబ్బు కడదాం. దానికి తోడు ఆన్‌లైన్లో ఒక రాక కార్డు నింపాలి, ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి నింపనిస్తారు. అది ఉచితం, డబ్బడిగే సైట్ల జోలికి పోకు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు పెట్టుకోండి. చెల్లెమ్మకి చీరలున్నాయి, గొడవ నిక్కర్లేసుకుని తిరిగే నీతోనే.

తిండి గురించి తను భయపడక్కర్లేదు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్లలో వండేది 'జే' భోజనం, మాంసం, గుడ్డు, చేపల రసం ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మిగతా చోట్ల కూరగాయల వంట అన్నా చేపల రసం పోస్తారు, కాబట్టి అడగాలి. మనిద్దరికీ ఖావ్ సోయ్ ఉంది, కొబ్బరిపాల కోడికూరలో నూడుల్స్, పైన కరకరలాడే నూడుల్స్. ఆవకాయ సీసా మాత్రం చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టమను, చేతి సంచిలో పెడితే లాగేసుకుంటారు.

ఫ్లెక్సీలు వచ్చాక నువ్వు బ్రష్ ముట్టలేదు. ఆ రేకుల షెడ్డులో గళ్లు గీసుకుని నలభై అడుగుల హీరో ముఖం వేసేటప్పుడు నీకు రంగు డబ్బాలు అందించినవాణ్ని నేను. స్కెచ్ పుస్తకం కొనమని చెప్పను, నేనే కొని తెస్తాను. ఫోటోలు తీయనివ్వని ఆ గోడని నువ్వు కళ్లారా చూసి, బయటికొచ్చి వేస్తే నాకదే చాలు.

ముందు పాస్‌పోర్టుల మొదటి పేజీలు పంపు, మీ ఇద్దరివీ. గడువు ఇంకా ఆరు నెలలకు పైన ఉండాలి. నీది పదో తరగతి సర్టిఫికెట్లో పేరుకీ ఆధార్‌లో పేరుకీ తేడా ఉందన్నావు, అది సరిచేయించావా లేదా? అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
సూరిబాబు