అన్నపూర్ణ దారిలో తాగునీరు: అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి సాహితికి,

అమ్మ ఆశీస్సులు. అక్టోబరులో నువ్వూ నీ స్నేహితులూ నేపాల్ వెళ్లి అన్నపూర్ణ సర్క్యూట్ నడవబోతున్నారని నాన్న చెప్పగానే చాలా సంతోషించాను. మనవాళ్లు చాలామంది జోమ్‌సోమ్ దాకా విమానంలో వెళ్లి, అక్కడి నుంచి జీపులో ముక్తినాథ్ చేరి, దర్శనం చేసుకుని సాలగ్రామాలతో తిరిగి వస్తారు. నువ్వు అదే ముక్తినాథ్‌కు రెండో వైపు నుంచి, మర్స్యాంగ్దీ లోయ వెంట మనాంగ్ మీదుగా, 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దాటి కాలినడకన చేరబోతున్నావు. దారిలో నీళ్లకోసం ఏ ఫిల్టరు కొనమంటావని అడిగావు. నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి ఒక పేరు చెప్పి ఊరుకోవడం నావల్ల కాదు. కాస్త ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన వివరాల్లో బరువెంత, లీటరు నీరు ఎంతసేపట్లో వస్తుంది, ధర ఎంత అన్నవే ఉన్నాయి. అవీ చూడవలసినవే, కాని వాటికంటే ముందు ఆ దారిలోని నీళ్లలో ఏముంటుందో చూడాలి. మంచుకొండ మీది నుంచి దిగే ఏరు చూడటానికి ఎంత తేటగా ఉన్నా, దాని ఎగువన ఊరుంటుంది, లాడ్జీల మరుగుదొడ్లు ఉంటాయి, కంచరగాడిదల బారులు నడుస్తాయి, ఇంకా పైన జడలబర్రెలు మేస్తాయి. అందుచేత ఆ నీటిలో మూడు జాతుల క్రిములు ఉండవచ్చు. జియార్డియా, క్రిప్టోస్పోరిడియం వంటి ఏకకణ జీవులు నాలుగు మైక్రాన్ల నుంచి పన్నెండు దాకా ఉంటాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. టైఫాయిడ్, కలరా కలిగించే బ్యాక్టీరియా మందం సుమారు అర మైక్రాను. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ వైరసులు మాత్రం 0.03 మైక్రాను దగ్గర ఉంటాయి. ఇప్పుడు దొరికే చిన్న ఫిల్టర్లలో ఎక్కువ భాగం సన్నని బోలు గొట్టాల కట్టలే. వాటి గోడల్లోని రంధ్రం 0.1 లేదా 0.2 మైక్రాను. మొదటి రెండు జాతులనూ అవి గట్టిగా ఆపుతాయి, వైరసులను ఆపలేవు.

అమెరికా, న్యూజీలాండ్ అడవుల్లో నడిచేవారు వైరసుల గురించి అంతగా పట్టించుకోరు, ఎందుకంటే అక్కడి ఏర్ల ఎగువన మనుషుల మలం కలిసే అవకాశం తక్కువ. వాళ్లు రాసిన సమీక్షలు చదివి మన ఉపఖండానికి ఫిల్టరు ఎంచుకుంటే చిక్కు అక్కడే వస్తుంది. 1955 నవంబరులో ఢిల్లీలో యమున నుంచి నీరు తోడే చోటికి మురుగు ఎదురెక్కినప్పుడు, నీటి శుద్ధి కేంద్రంలో పటిక, క్లోరిన్ మోతాదులు పెంచారు. టైఫాయిడ్ వంటివి పెద్దగా పెరగలేదు, కాని కొన్ని వారాల తరువాత సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఈ అని చాలా ఏళ్లకు గాని తేలలేదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కూడా కుళాయి నీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలంటూనే, వైరసుల నుంచి రక్షణ కావలసినప్పుడు దాన్ని 0.5కు పెంచమంటుంది.

కాబట్టి అట్టపెట్టె చేతిలోకి తీసుకుని వెనకవైపు చదువు. బ్యాక్టీరియా 99.9999 శాతం, ఏకకణ జీవులు 99.9 శాతం అని దాదాపు అన్నిటి మీదా ఉంటుంది. వైరసులు 99.99 శాతం అన్న మూడో వరుస ఉందా లేదా అన్నది చూడు. లేకపోతే ఆ వస్తువు చెడ్డదని కాదు, దానికి తోడు ఇంకొకటి కావాలని అర్థం.

నీ జాబితాలోని లైఫ్‌స్ట్రా గొట్టాన్ని నేను వద్దంటాను. ఏటి ఒడ్డున వంగి అప్పటికప్పుడు పీల్చుకోవడానికి అది బాగానే ఉంటుంది, కాని వడగట్టిన నీటిని సీసాలో నింపుకోలేవు, నింపుకోలేని నీటిలో వైరసుల కోసం క్లోరిన్ మాత్ర వేసుకోలేవు. అతినీలలోహిత కాంతితో పనిచేసే స్టెరిపెన్ వైరసులనూ పనికిరాకుండా చేస్తుంది, కాని నీరు తేటగా ఉండాలి, బ్యాటరీ పనిచేయాలి. చలికి బ్యాటరీ నీరసించే చోటికి దాన్నొక్కదాన్నే నమ్ముకుని పంపలేను. వడపోత లోపలే ఉండే గ్రేల్ సీసాను నొక్కితే మూడు జాతులూ పోతాయి. అది మంచి వస్తువే, బరువు మాత్రం అర కిలోకు దగ్గరగా ఉంటుంది. ఎత్తుకు పోయేకొద్దీ రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగవలసి ఉంటుంది కనుక, లీటరు కూడా పట్టని సీసాను రోజంతా నొక్కుతూ కూర్చోవడం నీకు విసుగు పుట్టించవచ్చు. సంచిని పిండితే నీరు వచ్చే 0.1 మైక్రాను ఫిల్టరు, సాయర్ రకం, వంద గ్రాముల లోపే ఉంటుంది. అది కొనుక్కుని, దానితో పాటు క్లోరిన్ మాత్రలు పెట్టుకో. వరదలప్పుడు ఊళ్లలో పంచే మాత్రల్లాంటివే, కాని ఒక్కో మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద చూసి తీసుకో. ఇరవై లీటర్ల బిందెకు వేసే మాత్ర లీటరు సీసాకు పనికిరాదు.

వరస తప్పకూడదు. ముందు వడగట్టాలి, ఆ తరువాత మాత్ర వేసి అరగంట ఆగాలి. నీరు మంచులా చల్లగా ఉంటే గంట ఆగు. క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం ఫిల్టరులో చిక్కుతుంది, ఫిల్టరు దాటిన వైరసును క్లోరిన్ చంపుతుంది. పైగా మురికి పోయిన నీటిలో క్లోరిన్ వృథా కాదు. వాసన నచ్చక నిమ్మ రుచి పొడులేవైనా కలుపుకునేట్లయితే ఆ గడువు పూర్తయ్యాకే కలుపు, ఎందుకంటే అందులోని విటమిన్ సి క్లోరిన్‌ను విరిచేస్తుంది.

హిమానీనదాల నుంచి వచ్చే నీటిలో పిండిలాంటి రాతి పొడి ఉంటుంది. అవతల దిగాక కనిపించే కాళీగండకీ నీరైతే బూడిద రంగులోనే పారుతుంది. అలాంటి నీటిని నేరుగా పిండితే ఫిల్టరు ఒక్క పూటలో మూసుకుపోతుంది. గోదావరి కొత్తనీరు వచ్చినప్పుడు అమ్మమ్మ బిందె లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట మాత్రం వంచుకునేది. నువ్వూ అలాగే నీటిని గిన్నెలో తేరనిచ్చి, బట్టలో వడకట్టి, ఆ తరువాతే ఫిల్టరుకు పెట్టు. సాయంత్రం లాడ్జీ చేరగానే దానితో ఇచ్చే సిరంజిలో శుభ్రమైన నీరు తీసుకుని శుద్ధమైన వైపు నుంచి గట్టిగా ఎక్కించు. మొదట మసకగా వచ్చే నీరు తేటపడేదాకా కడుగు. ఏటినీరు పట్టే సంచి వేరుగా, రంగు తేడాతో ఉండాలి. ఫిల్టరు విప్పేటప్పుడు ముడినీటి చుక్క తాగే సీసా మూతి మీద పడితే అంతసేపు పడిన శ్రమ పోయినట్టే.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పవలసింది గడ్డకట్టడం గురించి. ఒకసారి తడిసిన ఫిల్టరులో నీరు పూర్తిగా పోదు. అది గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి, పైకి ఏమీ తెలియదు, నీరు మునుపటిలాగే వస్తుంది. మనాంగ్ దాటిన నాటి నుంచి రాత్రిళ్లు ఫిల్టరును ప్లాస్టిక్ కవరులో చుట్టి నీ స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకో. కనుమ దాటే రోజు తెల్లవారక ముందే బయలుదేరతారు కనుక, అప్పుడు దాన్ని జాకెట్టు లోపలి జేబులో ఉంచు. గడ్డకట్టిందన్న అనుమానం వస్తే దాన్ని పారెయ్యి, మాత్రల మీద, మరిగించిన నీటి మీద ఆధారపడు. ఆ ఎత్తులో నీరు తక్కువ వేడికే తెర్లుతుంది, అయినా మూడు నిమిషాలు తెర్లనిస్తే క్రిములు చస్తాయి. అయితే వేడి నీటిని మాత్రం ఫిల్టరులో పోయకు.

దారిలో కొన్ని ఊళ్లలో అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతం వాళ్లు పెట్టించిన, ఓజోన్‌తో శుద్ధిచేసి నీరమ్మే కేంద్రాలు ఉన్నాయి. తెరిచి ఉన్న చోట డబ్బిచ్చి అక్కడే నింపుకో. కొన్న నీళ్లసీసాలు కొండమీద చెత్తగా మిగలవు, నీరు కాచడానికి వంటచెరకు కోసం చెట్లు కొట్టే పనీ తగ్గుతుంది.

ఈ ఫిల్టరు కరిగిన లవణాలను తీయలేదని కూడా గుర్తుపెట్టుకో. నల్గొండ బోరునీటి ఫ్లోరైడు దీని గుండా యథాతథంగా దాటుతుంది, కనుక తిరిగి వచ్చాక నీ స్నేహితులు ఊళ్లకు వెళ్లినప్పుడు దీన్ని అక్కడి బోరునీటికి వాడుతామంటే వద్దని చెప్పు.

హెపటైటిస్ ఏ, టైఫాయిడ్ టీకాల గురించి ఈ వారమే డాక్టరును అడుగు. ఫిల్టరు రాగానే ఇంట్లో పిండి, విప్పి, సిరంజితో కడిగి చేయి అలవాటు చేసుకో. సంచి మర నీ సీసాకు సరిపోతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. ఏది కొన్నావో, పెట్టె వెనక ఏమి రాసి ఉందో ఫోటో తీసి పంపు.

ఇట్లు,
మీ అమ్మ