ఎలక్ట్రాన్ గ్రహం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ చదువుల పేజీలో ఇంటర్ ఫస్టియర్ పిల్లల కోసం పరమాణు నిర్మాణం మీద వ్యాసం వేశారు, సంతోషం. పక్కన వేసిన బొమ్మ చూస్తేనే ఒళ్లు మండింది. మధ్యలో ఎర్ర బంతి, చుట్టూ గుండ్రటి గీతలు, వాటి మీద సూర్యుడి చుట్టూ గ్రహాల్లా నీలం చుక్కలు! ఆ బొమ్మకి కాలం చెల్లి వందేళ్లవుతోంది. 1913లో శాస్త్రవేత్త బోర్ ఇలాంటి గుండ్రటి కక్ష్యలతోనే వేసిన లెక్క హైడ్రోజన్ వెదజల్లే కాంతి గీతలకి అచ్చంగా సరిపోయింది, ఆయన గొప్పతనాన్ని ఎవరూ కాదనరు గానీ, తర్వాతదైన హీలియం దగ్గరికొచ్చేసరికి, అంటే ముచ్చటగా రెండు ఎలక్ట్రాన్లకే, లెక్క తప్పింది. 1926లో శాస్త్రవేత్త ష్రోడింగర్ సమీకరణం వచ్చాక ఎలక్ట్రాన్ ఫలానా దారినే పోతోంది అనడానికి లేదు, ఫలానా చోట దొరికే అవకాశం ఎంతో మాత్రమే చెప్పగలం. అసలు మామూలు స్థితిలో ఉన్న హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్‌కి కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం, అంటే కేంద్రకం చుట్టూ తిరుగుడుకి కొలత, సున్నా. గ్రహంలా గిరగిరా తిరుగుతుంటే సున్నా ఎలా అవుతుంది?

తొమ్మిదో తరగతికి ఆ బొమ్మ సరే అనుకుందాం. ఇంటర్‌కొచ్చాక కూడా అదే బుర్రలో ఉంటే, ఎలక్ట్రాన్లు నిండే వరస చూపే బాణాల పట్టిక బట్టీపట్టి 3డి కన్నా 4ఎస్ (ఎలక్ట్రాన్లుండే అరల పేర్లివి) ముందు నిండుతుందని గడగడా చెప్తారు, మరి పరమాణువు నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయేటప్పుడు కూడా 4ఎస్‌వే ముందెందుకు పోతాయిరా అంటే బిక్కమొహం వేస్తారు. అక్కడి నుంచి టెన్షన్ మొదలు.

మా గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులు ఎప్పటి నుంచో ఉన్నాయి కదా, దాన్నే తీసుకోండి. 25 ఎలక్ట్రాన్లు. చివర్లో 4ఎస్‌లో రెండు, 3డిలో ఐదు. 3డిలో ఐదు ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్ దొరికే అవకాశం ఎక్కువున్న చోట్లు, ఉంటే ఒక్కోదానిలో ఒక్కోటి, అన్నీ ఒకే స్పిన్‌తో (ఎలక్ట్రాన్‌కి రెండే దిశల్లో ఉండగల ఒక గుణం) ఉంటాయి, ఎందుకంటే అవి ఒకదాన్నొకటి నెట్టుకునేవే, విడివిడిగా ఉంటే శక్తి తగ్గుతుంది. ఇక జత కట్టాలన్నా ఒక ఆర్బిటాల్‌లో రెండే, అవీ ఎదురెదురు స్పిన్‌లతో, శాస్త్రవేత్త పౌలీ 1925లో చెప్పింది అదే. కేంద్రకంలో చార్జి పెరిగేకొద్దీ 3డి బిగిసి శక్తిలో 4ఎస్ కన్నా కిందకి దిగుతుంది, 4ఎస్ బయటికి పరుచుకుని ఉంటుంది, అందుకే ముందు ఊడేవి దానివే. ఆ రెండూ పోయిన మాంగనీసు లవణం నీళ్లలో లేత గులాబీ, పలుచగా కలిపితే రంగే లేదనిపిస్తుంది, ఎందుకంటే వెలుగుని మింగి డిలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకాలంటే స్పిన్ తిరగబడాలి, అది అరుదు.

అదే మాంగనీసు పర్మాంగనేట్‌లో చూడండి, పూర్వం నూతుల్లో వేసేవారే, అదే. గ్లాసు నీళ్లలో ఒక్క పలుకు వేస్తే ఊదారంగు తీగలు కిందకి జారుతూ కాసేపటికి గ్లాసంతా పాకుతుంది. తమాషా ఏంటంటే అక్కడ లెక్క ప్రకారం డిలో ఒక్క ఎలక్ట్రాన్ కూడా లేదు! ఆక్సిజన్ వైపు నుంచి ఎలక్ట్రాన్ మాంగనీసు మీదకి దూకుతూ వెలుగులోని ఆకుపచ్చని మింగేస్తుంది, మిగిలిన ఎరుపూ నీలమూ కలిసి మన కంటికి ఊదాగా కనిపిస్తాయి. గుండ్రటి గీతల బొమ్మలో దీన్ని ఎక్కడ చూపిస్తారు చెప్పండి?

కాబట్టి ఈసారి ఆర్బిటాళ్ల బొమ్మలే వేయండి, చుక్కలు ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడ అవకాశం ఎక్కువని కింద ఒక ముక్క రాసి. పక్కన పర్మాంగనేట్ గ్లాసు ఫొటో కూడా పడితే ఇంకా మంచిది, ఎలాగూ అది రంగుల పేజీయే కదా.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ ట్యూషన్ మాస్టారు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా